గుండ్రటి బంగారం క్షేమం, కడ్డీ బంగారం విషం: ఇందులో ఆకారం తప్పెంత?

ప్రశ్న ఇదీ: "ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బంగారు నానో రేణువుల గురించి చదువుతున్నాను. గుండ్రటి రేణువులు కణాలను ఏమీ చేయలేదని, అదే బంగారాన్ని కడ్డీలుగా చేస్తే కణాలు చచ్చిపోయాయని ఒక పేపర్లో ఉంది. ఇంకో పేపర్లో కడ్డీలు కూడా సురక్షితమే అన్నారు. పదార్థం ఒకటే అయినప్పుడు ఆకారం మారితే విషం ఎలా అవుతుంది? రెండింట్లో ఏది నమ్మాలి?"

మీ బంగారు కడ్డీల వరకు సూటిగా చెప్పాలంటే, కణాలను చంపేది చాలావరకు ఆకారం కాదు, కడ్డీల మీదున్న పూత. అలాగని ఆకారం వల్ల విషం అనేది వట్టి మాట అనుకోవద్దు. కొన్ని పదార్థాల్లో అది ప్రాణం తీసేంత నిజం. అది ఎక్కడ నిజమో ముందు తెలిస్తే, ఎక్కడ ఆకారం మీద ఊరికే నింద పడుతోందో పట్టుకోవడం సులువు. అందుకే బంగారాన్ని కాసేపు పక్కన పెట్టి రాతినారతో మొదలుపెడతాను.

రాతినార, అదే ఆస్‌బెస్టాస్. మన ఊళ్లలో ఇళ్లకు, షెడ్లకు వేసే సిమెంటు రేకుల్లో ఉండేది ఇదే, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో భూమిలో దొరికేదీ ఇదే. రసాయనికంగా చూస్తే సిలికేట్ ఖనిజం, అందులో భయపెట్టే మూలకమేదీ లేదు. రేకుల్లో వాడే క్రిసోటైల్‌కు ఉన్న కూర్పే ఉండి, పోగులుగా కాకుండా పలచటి పలకలుగా ఉండే లిజార్డైట్ అనే ఖనిజం ఉంది. దాన్ని ఎవరూ ఆస్‌బెస్టాస్ కింద లెక్కపెట్టరు. తేడా అంతా పోగులోనే ఉంది. 1981లో అమెరికాలో స్టాంటన్ బృందం రకరకాల ఖనిజాల పోగులను ఎలుకల ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరా పొర మీద పెట్టి చూసింది. ఏ ఖనిజమన్నదాని కంటే పోగు కొలతలే కణితులతో ఎక్కువగా సరిపోలాయి: మందం పావు మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు, పొడవు 8 మైక్రాన్ల పైన ఉన్నవి అన్నిటికంటే ప్రమాదకరంగా తేలాయి. దీనికి మూడో షరతు కూడా ఉంది. పోగు శరీరంలో కరిగిపోకుండా, విరిగిపోకుండా చాలాకాలం నిలవాలి. సన్నం, పొడవు, మన్నిక మూడూ కలిస్తేనే ముప్పు.

దీని వెనకున్న కారణం మాక్రోఫేజ్‌ల కొలతలో ఉంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన దుమ్మును మింగి శుభ్రం చేసే ఈ కణాలు దాదాపు 10 నుంచి 20 మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. సన్నగా ఉన్న పోగు గాలివాలులో సాగి చివరి గాలితిత్తుల దాకా చేరగలదు, కానీ పొడవు 20 మైక్రాన్లుంటే మాక్రోఫేజ్ దాన్ని లోపల సర్దుకోలేదు. ఒక చివరను మింగుతుంది, ఇంకో చివర బయటే ఉంటుంది. మింగలేక, కక్కలేక ఆ స్థితిలోనే ఉండిపోతుంది. దీన్నే ఫ్రస్ట్రేటెడ్ ఫాగోసైటోసిస్ అంటారు. జీర్ణం చేయడానికి దాచుకున్న ఎంజైములు, ఆక్సిజన్ రాడికల్స్ మూయని నోటిలోంచి బయటికి కారి చుట్టుపక్కల కణజాలాన్ని కాలుస్తాయి. ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) సంకేతాలు అందుకుని ఇంకొన్ని మాక్రోఫేజ్‌లు వస్తాయి, వాటికీ అదే గతి. పోగు కరగదు కాబట్టి ఈ తతంగం ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇక నానో సంగతి. కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్‌తో చేసిన అతిసన్నటి గొట్టాలు, వచ్చిన కొత్తలోనే కొందరికి అనుమానం వచ్చింది: సన్నగా, పొడవుగా, కరగకుండా ఉంటాయి, మరి ఇవీ రాతినారలాగే ప్రవర్తిస్తాయా? 2008లో ఎడిన్‌బరోలో కెన్ డొనాల్డ్‌సన్ బృందం చేసిన ప్రయోగం ఈ సబ్జెక్టులోకి వచ్చే ప్రతి విద్యార్థీ చదవాలి. ఎందుకంటే కంట్రోల్స్, అంటే పోల్చి చూడ్డానికి పెట్టే నమూనాలు, ఎలా పెట్టాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. నాలుగు రకాల మల్టీవాల్ (ఒకదానిలో ఒకటి దూరిన పొరలున్న) నానోట్యూబులు తీసుకున్నారు. రెండింట్లో పొడవైన, నిటారైన పోగులున్నాయి, మిగతా రెండూ పొట్టిగా, చిక్కుముడి పడ్డ ఉండల్లా ఉన్నాయి. వాటి పక్కన పొడవైన అమోసైట్ ఆస్‌బెస్టాస్, అదే అమోసైట్‌ను పొట్టిగా చేసిన పొడి, ఇంకా కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నానో పొడి పెట్టారు. ఒక్కోటి 50 మైక్రోగ్రాములు ఎలుకల పొత్తికడుపులోకి ఎక్కించి, 24 గంటలకు, మళ్లీ ఏడు రోజులకు చూశారు. పొత్తికడుపు ఎందుకంటే, దాని లోపలి గోడకు, ప్లూరాకు ఉన్నది ఒకే రకం మెసోథీలియల్ పొర, అంటే అవయవాల చుట్టూ ఉండే పలచటి కణాల పొర.

పొడవైన ఆస్‌బెస్టాస్, పొడవైన నానోట్యూబులు రెండూ డయాఫ్రం (ఛాతీకి, కడుపుకు మధ్యనున్న కండర పొర) మీద ఇన్‌ఫ్లమేషన్‌ను, ఏడు రోజులకు గ్రాన్యులోమాలను (రోగనిరోధక కణాలు గుమిగూడి కట్టే చిన్న గడ్డలను) తెచ్చాయి. పొట్టి ఆస్‌బెస్టాస్ తేలేదు. చిక్కుపడ్డ నానోట్యూబులు తేలేదు. కార్బన్ బ్లాక్ కూడా తేలేదు. మూలకం కార్బనే, మోతాదు అంతే, మారింది ఆకారం ఒక్కటే. ఈ ఫలితానికి శరీర నిర్మాణంలో కూడా కారణం ఉంది. డయాఫ్రం మీద, ప్లూరా మీద కొద్ది మైక్రాన్ల వెడల్పుండే సన్నటి రంధ్రాలుంటాయి. ద్రవం వాటి గుండానే లింఫ్‌లోకి పోతుంది. పొట్టి రేణువులు దానితో పాటే కొట్టుకుపోతాయి. పొడవైనవి ఆ ద్వారాల దగ్గర అడ్డంపడి పేరుకుంటాయి. తర్వాత అదే బృందంవాళ్లు వేర్వేరు పొడవులున్న వెండి నానో తీగలతో చేసిన పనిలో, ఎలుకల ప్లూరాలో ఇన్‌ఫ్లమేషన్ దాదాపు 4–5 మైక్రాన్ల పొడవు దాటాకే మొదలైంది. పదార్థం కార్బన్ అయినా, వెండి అయినా, ఖనిజమైనా పొడవు లెక్క వర్తిస్తోందన్న మాట.

పొడవొక్కటే చాలదు, బిరుసుతనం కూడా కావాలి. జపాన్‌లో 2011లో వచ్చిన పనిలో సుమారు 50 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) మందమున్న బిరుసైన నానోట్యూబులు మెసోథీలియల్ కణాల పొరను నేరుగా గుచ్చుకుని లోపలికి పోయాయి. 150 నానోమీటర్ల మందమున్నవి, అలాగే 2–20 నానోమీటర్ల మందంతో మెలికలు తిరిగిన ఉండలు అంత హాని చేయలేదు. అంటే "సన్నగా ఉంటే ప్రమాదం" అన్న సూత్రం ఒక హద్దు దాకే పని చేస్తుంది. మరీ సన్నబడితే ట్యూబు వంగి, ముడుచుకుని ఉండలా మారిపోతుంది. అప్పుడు కణానికి అది పోగు కాదు, ఒక మామూలు ముద్ద.

అందుకే "నానోట్యూబులు క్యాన్సర్ తెస్తాయా?" అని ఎవరైనా అడిగితే ఏ నానోట్యూబులని తిరిగి అడగాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక్క బిరుసైన రకాన్నే 2బీ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. మిగతా నానోట్యూబులన్నీ మూడో వర్గం. మూడో వర్గం అంటే సురక్షితమని కాదు, తేల్చడానికి చాలినంత ఆధారం లేదని. ఈ తేడా తెలియకుండా రాసిన రివ్యూలు చాలానే ఉన్నాయి. ఆ తర్వాత 2016లో అదే ఎండబ్ల్యూసీఎన్‌టీ-7ను రెండేళ్ల పాటు పీల్చిన ఎలుకలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ప్లూరా పొరకు వచ్చే క్యాన్సరైన మెసోథీలియోమా మాత్రం కనిపించలేదు.

మాక్రోఫేజ్ కంటే బాగా చిన్నవైన రేణువుల్లోనూ ఆకారం పనిచేస్తుందా? పనిచేస్తుంది. కానీ ఇక్కడ కథ కణం లోపల నడుస్తుంది. మింగినది ఏదైనా చివరికి లైసోజోమ్ అనే సంచిలోకి చేరుతుంది. పొడవైన, గట్టి రేణువు ఆ సంచి పొరను దెబ్బతీస్తే లోపలి కెథెప్సిన్-బి అనే ఎంజైము బయటికి వచ్చి, ఇన్‌ఫ్లమేషన్‌ను మొదలుపెట్టే ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల కూటమిని లేపుతుంది, దాంతో ఐఎల్-1 బీటా అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతం విడుదలవుతుంది. టైటానియం డయాక్సైడ్‌తో 2009లో దీన్ని బాగా చూపించారు. సన్‌స్క్రీన్లలోనూ పెయింట్లలోనూ వాడే పదార్థమే అది. గోళాలుగా ఉన్నప్పుడు మాక్రోఫేజ్‌లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, 15 మైక్రాన్లు దాటిన నానో బెల్టులుగా ఉన్నప్పుడు చచ్చిపోయాయి. సీరియం ఆక్సైడ్‌తో 2012లో చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది, ఎందుకంటే వాళ్లు రెండు మూడు ఆకారాలతో సరిపెట్టకుండా కడ్డీల పొడవును మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోయారు. పొడవు 200 నానోమీటర్లు, పొడవు–మందాల నిష్పత్తి 22 దాటాక విషప్రభావం మొదలై, అక్కడి నుంచి పెరుగుతూ పోయింది. అంతకంటే పొట్టివి పెద్దగా హాని చేయలేదు. మీ బంగారు కడ్డీల నిష్పత్తి మామూలుగా 3 నుంచి 5. ఈ లెక్క చూస్తేనే అనుమానం రావాలి.

కణం లోపలికి ఎంత పోతుందన్న విషయంలోనే ఎక్కువ గందరగోళం ఉంది. 2006లో చిత్రాణి, చాన్ బృందం హీలా కణాల్లో (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) బంగారం చూస్తే, 50 నానోమీటర్ల గోళాలు అన్నిటికంటే ఎక్కువగా లోపలికి పోయాయి, 74×14 నానోమీటర్ల కడ్డీలు గోళాల కంటే చాలా తక్కువగా పోయాయి. 2008లో డీసిమోన్ బృందం అచ్చులో పోసి చేసిన పాలిమర్ రేణువులతో, అవే హీలా కణాల్లో, పొడవు మందానికి మూడు రెట్లున్న కడ్డీలే త్వరగా లోపలికి పోయాయని చూపించింది. రెండూ సరైనవే. ఒకటి బంగారం, ఇంకోటి మెత్తటి పాలిమర్. సైజులు వేరు, ఉపరితల చార్జి వేరు, రేణువుల మీద అతుక్కునే ప్రోటీన్లు వేరు. కణం చూసేది మన టీఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫొటోలోని నగ్న లోహాన్ని కాదు, సీరం ప్రోటీన్ల తొడుగు వేసుకున్న రేణువును. పైగా ఎక్కువగా లోపలికి పోవడం, ఎక్కువ విషం కావడం ఒకటి కావు. కణంలో లక్షల గోళాలున్నా హాయిగా విభజన చెందడం చూశాను.

ఇంకో తమాషా: ఒకే రేణువు ఏ వైపు నుంచి తగిలిందన్నది కూడా లెక్కే. 2006లో చాంపియన్, మిత్రగోత్రి కోలగా, బిళ్లల్లా ఉన్న పాలీస్టైరీన్ రేణువులను మాక్రోఫేజ్‌లకు ఇచ్చారు. మొనదేలిన చివర తగిలితే కొద్ది నిమిషాల్లో మింగేశాయి. అదే బిళ్ల చదునైన వైపు తగిలితే 12 గంటలైనా మింగలేదు, దాని మీద పరుచుకుని ఉండిపోయాయి. అందుకని "కడ్డీ", "బిళ్ల" అని పేరు చెప్పి ఊరుకుంటే చాలదు. కణానికి తగిలే చోట వంపు ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఇక మీ బంగారం దగ్గరికి వద్దాం. కడ్డీలు ఎలా చేస్తారు? గోళాలను సిట్రేట్‌తో చేస్తాం, అది కణాలకు దాదాపు హానిలేనిది. కడ్డీ ఒకే దిశలో పెరగాలంటే సీటాబ్ కావాలి. అది సబ్బులాంటి ధనావేశిత డిటర్జెంట్, కణ పొరను కరిగించి చంపుతుంది. కడ్డీ చుట్టూ రెండు వరుసలుగా అంటుకుని ఉంటుంది, కొంత ద్రావణంలో విడిగా తిరుగుతుంది, ఎంత కడిగినా కొంత మిగులుతుంది. మరీ ఎక్కువ కడిగితే పూత పోయి కడ్డీలే ముద్దకడతాయి. 2009లో కేథరిన్ మర్ఫీ బృందం చేసింది చూడండి: కడ్డీలను సెంట్రిఫ్యూజ్ చేసి కిందకు దింపి, పైన మిగిలిన తేట ద్రవాన్ని మాత్రమే పెద్దపేగు క్యాన్సర్ కణాలకు ఇచ్చారు. అందులో బంగారం లేదు. అయినా కడ్డీలున్న ద్రావణం ఎంత చంపిందో ఇంచుమించు అంతే చంపింది. కడ్డీల మీద వేరే పాలిమర్ పూత వేస్తే విషం బాగా తగ్గింది. సిట్రేట్ గోళాన్ని, సీటాబ్ కడ్డీని పక్కపక్కన పెట్టి "ఆకారం వల్ల విషం" అని రాసిన పేపర్ పోల్చింది రెండు పూతలను. మీరు చదివిన మొదటి పేపర్ అదే బాపతని నా అంచనా.

మోతాదు సంగతి దీనికి తోడవుతుంది. 74 నానోమీటర్ల గోళం ఒకదాని బరువుతో 74×14 కడ్డీలు దాదాపు 18 చేయొచ్చు. మైక్రోగ్రాముల లెక్కన సమానంగా ఇచ్చామనుకుంటే కణాల మీద 18 రెట్లు ఎక్కువ కడ్డీలు పడ్డాయన్న మాట. ఘనపరిమాణం సమానంగా ఉండే గోళం కావాలంటే వ్యాసం 28 నానోమీటర్ల దగ్గర ఉండాలి. అప్పుడు కూడా కడ్డీ ఉపరితలం సుమారు 45 శాతం ఎక్కువ. బరువు, సంఖ్య, ఉపరితలం మూడు లెక్కల్లోనూ గ్రాఫ్ గీయండి. ఒక్క లెక్కలోనే కనిపించే తేడాను నేను ఆకారం ఖాతాలో వేయను. బరువైన రేణువులు ప్లేటు అడుగుకు త్వరగా దిగుతాయని కూడా గుర్తుంచుకోండి. 2011లో ఒక బృందం కణాలను తలకిందులుగా పెట్టి చూస్తే పెద్ద బంగారు రేణువులు లోపలికి పోయిన మోతాదు బాగా తగ్గిపోయింది. అంటే అంతకుముందు చూసినదాంట్లో కొంత భాగం కేవలం అడుగుకు దిగడం వల్ల వచ్చినదే.

వెండి అయితే కథ వేరు, అక్కడ ఆకారం నిజంగా రసాయనాన్ని మారుస్తుంది. 2007లో ఈ-కోలై మీద చేసిన పనిలో మొనలు కత్తిరించిన త్రికోణాకారపు వెండి పలకలు గోళాల కంటే, కడ్డీల కంటే చాలా తక్కువ మోతాదులోనే బ్యాక్టీరియాను ఆపాయి. వాటి మీద 111 అనే రకం స్ఫటిక ముఖాలు ఎక్కువని, అక్కడ పరమాణువులు ఒత్తుగా ఉండి చురుగ్గా ఉంటాయని రచయితలు వివరించారు. ఐదేళ్ల తర్వాత చేప మొప్పల కణాల మీద, జీబ్రా చేప పిండాల మీద కూడా పలకలే ఎక్కువ హాని చేశాయి. అక్కడ కారణంగా చూపింది పలకల ఉపరితలం మీది లోపాలను. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పూసి ఆ లోపాలను కప్పితే హాని తగ్గింది. ఆకారం అలాగే ఉంది, విషం తగ్గింది. జింక్ ఆక్సైడ్ లాంటి త్వరగా కరిగే పదార్థంలో అయితే ఆకారం గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, అక్కడ చంపేది ముఖ్యంగా బయటికొచ్చే జింక్ అయాన్.

మీ ప్రాజెక్టులో చేయదగ్గది చెబుతాను. గోళాలకు, కడ్డీలకు రెండింటికీ ఒకే థయోల్-పెగ్ పూత (గంధకం కొసతో బంగారానికి అతుక్కునే పాలిమర్) వేయండి. ప్రతి బ్యాచ్‌కీ తేట ద్రవం కంట్రోల్ పెట్టండి, ఇది లేని డేటాను నేను రివ్యూలో దాటనివ్వను. సీరం ఉన్న మీడియంలో 24 గంటలుంచి యూవీ-విజిబుల్ స్పెక్ట్రం (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్) తీయండి. కడ్డీల పొడవు దిశ వల్ల వచ్చే పీక్ వెడల్పయితే అవి ముద్దకట్టాయని, మీరు కొలుస్తున్నది కడ్డీలను కాదని అర్థం. కణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పే ఎంటీటీ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అందులో పుట్టే ఫార్మజాన్ రంగును చదివే 570 నానోమీటర్ల దగ్గర బంగారమూ కాంతిని పీల్చుకుంటుంది. కార్బన్ నానోట్యూబులతో అయితే ఇంకా మోసం: ఫార్మజాన్ స్ఫటికాలు ట్యూబులకే అతుక్కుని, బతికున్న కణాలు చచ్చినట్టు కనిపించాయని 2006లోనే బయటపడింది. పక్కన ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి కారే ఎంజైమును కొలిచే పరీక్ష), లైవ్–డెడ్ స్టెయినింగ్ లాంటివి పెట్టుకోండి.

మీ ల్యాబ్‌లో పక్క బెంచీ మీద ఎవరైనా పొడి నానోట్యూబులు, నానో తీగలు వాడుతుంటే మాత్రం కాస్త టెన్షన్ పడండి. ద్రావణంలో ఉన్న మీ బంగారంతో పీల్చే ప్రమాదం దాదాపు లేదు, తేలికైన పొడితో ఉంది. అమెరికాలో పని ప్రదేశాల భద్రతను పరిశోధించే నియోష్ సంస్థ 2013లో కార్బన్ నానోట్యూబులకు సూచించిన హద్దు ఘనమీటరు గాలికి ఒక మైక్రోగ్రాము, 8 గంటల సగటున. అలాంటి పొడిని ఫ్యూమ్ హుడ్ బయట తూకం వేయనివ్వకండి.

మీ రెండు పేపర్లలో మెథడ్స్ తెరిచి చూడండి: కడ్డీల మీద చివరికి ఏ పూత మిగిలింది, ఎన్నిసార్లు కడిగారు, మోతాదు ఏ లెక్కన ఇచ్చారు. మొదటిదాంట్లో సీటాబ్, రెండోదాంట్లో పెగ్ ఉంటే వాటి మధ్య గొడవే లేదు.